మాస్క్ మనకు తెలియక కాదు



పోస్టు కొంచెం పెద్దగా ఉంటది, ఓపికతో చదవండి. నాలుగు రోజుల నుంచి రాద్దామా వద్దా అని ఆగి ఈరోజు రాస్తున్న.

ఫిబ్రవరి 1న కాలేజీలు మళ్లీ తెరిచారు కదా. నేను కూడా హన్మకొండ హాస్టల్‌కు వచ్చిన. మా క్లాసులో మేడారం జాతర మాట వచ్చింది. ఒకతను నా వైపు చూసి, "మీ ఏజెన్సీ వాళ్లకు మాస్క్ అంటే ఏందో తెల్వదురా, ఎంత చెప్పినా అర్థం కాదు" అన్నడు. అందరూ నవ్విన్రు. అప్పుడు క్లాసులో మాస్క్ సరిగ్గా ముక్కు మీదికి పెట్టుకున్నది ముగ్గురమో నలుగురమో ఉంటం. అందులో నేనొకడిని. అన్నతనికి మాస్క్ గడ్డం కింద ఉన్నది. నేను ఏమీ అనలే.

అదే రోజు రాత్రి ఫోన్ తెరిస్తే మన గ్రూపులోనే ఒక తమ్ముడి పోస్టు: "మాస్క్ పట్నపోళ్ల అలవాటు. మనకు అడవి తల్లి ఉంది. మన సంస్కృతిలో ముఖం కప్పుకోవడం లేదు." దాని కింద వందకు పైగా లైకులు. నిజం చెప్తున్న, పొద్దున క్లాసులో అన్న మాట కంటే ఈ పోస్టే నాకు ఎక్కువ బాధ అనిపించింది. ఎందుకో చెప్తా.

ముందుగా, మనోళ్లకు ముఖానికి గుడ్డ కట్టుకోవడం తెల్వదు అనేది అబద్ధం. మిర్చి ఏరడానికి పోయే మన అమ్మలను చూడండి. ఘాటుకు కళ్లు, ముక్కు మండిపోతయని కొంగు ముక్కు మీంచి తిప్పి వెనక ముడేస్తరు. కల్లంలో ఎండుమిర్చి బస్తాలకు ఎత్తేటప్పుడు మగవాళ్లు తువ్వాల కట్టుకుంటరు. వడ్లు తూర్పార పట్టేటప్పుడు దుమ్ముకు కట్టుకుంటరు. తేనె పట్టుకు పొగ పెట్టేవాళ్లు తల, ముఖం మొత్తం చుట్టుకుంటరు. గుడ్డ ఎట్లా కట్టాలో, ఎంత బిగించాలో మా అమ్మకు నాకంటే బాగా తెలుసు.

కాకపోతే ఒక తేడా ఉంది. మన దగ్గర ఆ గుడ్డ పనికి సంబంధించింది. గొడ్డలి, గంప ఎట్లనో అదీ అట్లనే. పనిలో ఉన్నంతసేపు ఉంటది. మనిషి ఎదురు రాగానే తీసేస్తం. చుట్టం వస్తే మెడలోకి జారుస్తం, అప్పుడే నవ్వుతం, అప్పుడే "ఎప్పుడొచ్చినవ్" అని అడుగుతం. ముఖం చూపించడమే మనకు మర్యాద. మాస్క్ దీనికి సరిగ్గా ఉల్టా అడిగింది. ఒంటరిగా ఉన్నప్పుడు తీసేయ్, మనిషి వస్తే పెట్టుకో అన్నది. మనకు కొత్తగా అనిపించింది గుడ్డ కాదు, ఈ పద్ధతి. ఈ చిన్న సంగతి మాకు చెప్పడానికి వచ్చినవాళ్లెవరికీ అర్థం కాలే. చదువుకున్న నాకు కూడా అర్థం కాలే. దానికి నేను ఏం పోగొట్టుకున్ననో రాస్తా.

2021 మార్చి 24 నుంచి రాష్ట్రంలో చదువులన్నీ మళ్లీ మూసేసిన సంగతి మీకు గుర్తుండే ఉంటది. నేను బట్టలు సర్దుకొని బస్సెక్కి ఊరికి పోయిన. అప్పటికే మా హాస్టల్‌లో ఇద్దరు ముగ్గురికి జ్వరాలు. ఇంటికి పోయేసరికి ఇప్పపువ్వు రోజులు. వాకిట్లో పువ్వు ఆరబోసి ఉంది. మా తాత, అవ్వ మంచం మీద కూర్చున్నరు. నేను మాస్క్ పెట్టుకొనే కొంచెం దూరంగా నిలబడ్డ. అవ్వ నన్ను పైకీ కిందికీ చూసి, "ఏం బిడ్డా, మేము వాసనొస్తున్నమా?" అని అడిగింది.

ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో మీకు చెప్పక్కర్లేదు. పువ్వు మూటతోనో ఎండు చేపలతోనో మనవాళ్లు బస్సెక్కితే పక్క సీటు వాళ్లు ముక్కుకు కర్చీఫ్ పెట్టుకుంటరు. సంతలో షావుకారు, ఆఫీసులో గుమాస్తా, ఎవరైనా మన ముందర ముక్కు మూసుకున్నరంటే అర్థం ఒక్కటే. నువ్వంటే అసహ్యం. మా అవ్వ డెబ్బై ఏండ్లు దాన్ని చూసింది. ఇప్పుడు సొంత మనవడి ముఖం మీద చూసింది. ఇంకో సంగతి కూడా ఉంది. రాత్రిపూట ముఖానికి గుడ్డ కట్టుకొని వచ్చేవాళ్లంటే ఏజెన్సీలో ఎందుకు భయమో మన తరానికి కూడా కొంచెం తెలుసు.

నేను సిగ్గుపడి మాస్క్ తీసి జేబులో పెట్టుకున్న. తాత పక్కన మంచం మీద కూర్చొని అంబలి తాగిన. వారం తిరగకుండానే నాకు రెండు రోజులు ఒళ్లు వెచ్చబడ్డది. ఎండదెబ్బ అనుకున్నం. తర్వాత తాతకు దగ్గు మొదలైంది. ఆర్ఎంపీ వచ్చి సూది వేసి పోయిండు. ఏప్రిల్ రెండో వారంలో ఒకరోజు తెల్లవారుజామున ఆయాసం ఎక్కువై, ఆటోలో తీసుకపోతుంటే దారిలోనే పోయిండు. ఎవరికీ టెస్ట్ చేయలే. కరోనా లెక్కల్లో మా తాత లేడు. నా వల్లనే వచ్చిందో, సంతలో అంటుకుందో ఎవరూ చెప్పలేరు. కానీ ఆ మంచం మీద కూర్చున్న రోజు నాకు రోజూ గుర్తొస్తది.

ఇప్పుడు ఆలోచిస్తే, ఆరోజు అవ్వకు జవాబు చెప్పడం నాకు రాలేదు. "కాదవ్వా, రోగం ఉంటే నా దగ్గర ఉంటది, మీకు అంటొద్దని కట్టుకున్న" అని కోయలో చెప్తే చాలు. ఒక్క మాట. మా అవ్వకు అది అర్థం కాకపోవడం ఉండదు. ఎందుకంటే ఇంట్లో ఎవరికైనా అమ్మవారు పోస్తే గుమ్మానికి వేపమండలు కట్టేది ఆమెనే. ఆ ఇంట్లోకి బయటోళ్లు పోవద్దు, ఆ ఇంటోళ్లు బయట తిరగొద్దు. ఈ నియమం మనకు ఎవరు నేర్పిండ్రు? 2020 మార్చిలో లాక్‌డౌన్ అనగానే మా గూడెం దారికి అడ్డంగా కంప కొట్టి వేసిన్రు. చాలా గూడేల్లో ఇట్లనే చేసిన్రు. అదే నెలలో మన పక్కనున్న ఛత్తీస్‌గఢ్‌లో, బస్తర్ వైపు ఆదివాసీలు ఆకులు కుట్టి మాస్కులుగా కట్టుకున్న ఫొటోలు దేశమంతా తిరిగినయ్. కొందరు నవ్విన్రు, కొందరు "ఎంత సహజం" అని మెచ్చుకున్నరు. ఆకు వైరస్‌ను ఆపదు, అది నిజం. కానీ ఆ ఫొటోలో నాకు కనబడేది వేరే. వాళ్లు మాస్క్ వద్దనలే. వాళ్ల దగ్గర మాస్క్ లేదు. ఉన్నదానితో చేసుకున్నరు.

మరి మా దగ్గరికి మాస్క్ ఎట్లా వచ్చింది? జరిమానాగా వచ్చింది. తెలంగాణలో అప్పుడు మాస్క్ లేకపోతే వెయ్యి రూపాయలు వేసేవాళ్లు. 2021-22లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 245 రూపాయలు. అంటే నాలుగు రోజుల కూలి ఒక గుడ్డ ముక్కకు. దాంతో మా సంతలో ఏం జరిగిందంటే, జీపు కనబడితే తువ్వాల పైకి, జీపు పోతే కిందికి. జనం జాగ్రత్తపడ్డది రోగం నుంచి కాదు, జీపు నుంచి. మా ఇంట్లో గుమ్మం పక్కన మేకుకు ఒక నీలం మాస్క్ వేలాడేది. రేషన్‌కు ఎవరు పోతే వాళ్లు అదే పెట్టుకొని పోయేవాళ్లు, వచ్చి మళ్లీ అదే మేకుకు తగిలించేవాళ్లు. నవ్వకండి, మీ ఇంట్లో కూడా ఉండే ఉంటది. ఫోన్ చేస్తే దగ్గు వినిపించి జాగ్రత్తలు చెప్పింది, కానీ కోయలో చెప్పలే. పైగా మొదట్లో అందరికీ మాస్క్ అవసరం లేదన్నరు. 2020 ఏప్రిల్ మొదట్లో మన కేంద్ర ఆరోగ్య శాఖ ఇంట్లో కుట్టుకున్న మాస్కులు పెట్టుకోండి అన్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అయితే జూన్‌లో మాట మార్చింది. సైన్స్‌లో కొత్తది తెలిస్తే మాట మారుతది, తప్పు లేదు. కానీ ఎందుకు మారిందో చెప్పకపోతే "వీళ్లకే తెల్వదు" అని మా ఊరోళ్లు అనుకోవడం కూడా తప్పు కాదు.

మాస్క్ వద్దన్నది ఆదివాసీలే అనుకునేవాళ్లకు ఒక మాట. 1918లో ఇన్‌ఫ్లుయెంజా వచ్చినప్పుడు అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో నగరం మాస్క్ తప్పనిసరి చేసి, పెట్టుకోనివాళ్లకు జరిమానాలు, జైలు వేసింది. 1919 జనవరిలో అక్కడి జనం మాస్క్‌కు వ్యతిరేకంగా ఏకంగా ఒక సంఘమే పెట్టుకున్నరు. వాళ్లు చదువుకున్న పట్నపోళ్లు. అదే జపాన్‌లో జలుబు చేసిన మనిషి ఎదుటివాళ్లకు అంటొద్దని తనంతట తానే మాస్క్ పెట్టుకొని రైలెక్కుతడు. అక్కడ మాస్క్ అంటే మర్యాద. గుడ్డ ఒక్కటే. దానికి ఏ అర్థం ఇచ్చినం అనేదే తేడా.

ఆ అర్థాన్ని మార్చొచ్చు అనడానికి ఒక రుజువు కూడా ఉంది. మా సార్ ఒకాయన చెప్తే చదివిన. బంగ్లాదేశ్‌లో 2020 చివర నుంచి 2021 ఏప్రిల్ దాకా 600 ఊళ్లల్లో, సుమారు 3 లక్షల 40 వేల మందితో ఒక పరిశోధన చేసిన్రు. సగం ఊళ్లల్లో మాస్కులు ఉచితంగా ఇచ్చిన్రు, ఎందుకో కూర్చొని చెప్పిన్రు, ఊరి పెద్దలు, మసీదు ఇమాములు ముందు తామే పెట్టుకున్నరు, సంతలో లేనివాళ్లకు మెల్లగా గుర్తు చేసి చేతికి ఇచ్చిన్రు. జరిమానా లేదు. మాస్క్ సరిగ్గా పెట్టుకునేవాళ్లు మిగతా ఊళ్లల్లో 13 శాతం ఉంటే, ఈ ఊళ్లల్లో 42 శాతం అయ్యిన్రు. ఫోన్‌కు మెసేజ్‌లు పంపితే అదనంగా ఏమీ పెరగలే. సర్జికల్ మాస్కులు ఇచ్చిన ఊళ్లల్లో ముసలివాళ్లకు ఎక్కువ మేలు జరిగిందని రాసిన్రు. ఆ లైన్ చదివినప్పుడు మా తాత గుర్తొచ్చిండు.

అందుకే ఆ పోస్టు పెట్టిన తమ్ముడికి చెప్తున్న. కోపం తెచ్చుకోకు. మనల్ని తెలివితక్కువోళ్లు అన్నవాళ్ల మీద కోపంతో "అవును, మాకు మాస్క్ వద్దు" అంటే వాళ్లు మన మీద వేసిన ముద్రను మనమే ఒప్పుకున్నట్టు. ముఖం కప్పుకోవడం మన సంస్కృతిలో లేకపోవచ్చు. కానీ నా రోగం నీకు అంటొద్దు అనే నియమం మన సంస్కృతిలో ఉంది. వేపమండ అదే, దారికి వేసిన కంప అదే. అడవి తల్లి మనకు తిండి పెట్టింది, మందు ఇచ్చింది. హాస్టల్ నుంచి నేను మోసుకొచ్చిన జ్వరాన్ని మాత్రం ఆపలే. ఆపాల్సింది నేను.

ఈ కరోనా తగ్గినట్టే ఉంది. కానీ రేపు ఇంకోటి రావచ్చు. వస్తే మళ్లీ మొదట హాస్టళ్లే మూస్తరు, మొదట ఇండ్లకు పోయేది మనమే. రోగాన్ని, కబురును రెండింటినీ గూడేనికి మోసేది మనమే. అందుకని నాకు తోచింది రాస్తున్న. ఇంటికి పోయేటప్పుడు ఒక్క మాస్క్ కాదు, ఇంట్లో మనిషికి ఒకటి లెక్కన తీసుకపోదాం. ఉతికి వాడేటట్టు మెత్తటి నూలు బట్టతో మూడు పొరలు కుట్టించినా నడుస్తది. ఊళ్లో ముందు వడ్డెతో, పటేల్‌తో, ఆశా అక్కతో మాట్లాడుదాం. వాళ్లు పెట్టుకుంటే ఊరు పెట్టుకుంటది. తెలుగులో ఉపన్యాసం కాదు, మన భాషలో ఒక్క మాట చెప్దాం: "నీ నుంచి నాకు కాదు, నా నుంచి నీకు రాకుండా." ఫొటోలు మాత్రం తీయొద్దు.

చివరిగా ఒక సంగతి. జాతరకు ఇంటికి పోయినప్పుడు అవ్వకు జలుబు, దగ్గు ఉండే. మా అక్క తన ఆర్నెల్ల పాపను అవ్వ చేతికి ఇవ్వబోయింది. అవ్వ ఆగమని చెయ్యి చూపించి, లోపలికి పోయి తాత తువ్వాల తెచ్చుకున్నది. ముక్కు మీంచి తిప్పి, మిర్చి చేనులో కట్టుకున్నట్టే వెనక ముడేసింది. అప్పుడు పాపను ఎత్తుకున్నది. ఎవరూ చెప్పలే. నేనైతే చెప్పలే. తాత పోయిన తర్వాత ఆమె నాతో మాస్క్ గురించి ఒక్క మాట కూడా ఎత్తలే.

పాప ఆ తువ్వాల పట్టుకొని గుంజుతుంటే అవ్వ నవ్వింది. ముఖం కప్పుకున్నా నవ్వినట్టు కళ్లల్లో తెలిసింది.

మీ ఊళ్లల్లో ఏం జరిగిందో కింద రాయండి. నేను రాసిన దాంట్లో తప్పు ఉంటే పెద్దలు చెప్పండి, సరిచేసుకుంటా.

జై ఆదివాసీ.