మానేసినవాడికి మానేసినవాడే తోడు

కొడుకును డీఅడిక్షన్ సెంటర్ నుంచి ఇంటికి తెచ్చుకున్న రోజు ఏ తల్లికైనా పండగే. ఇష్టమైనవన్నీ వండిపెడుతుంది, దేవుడికి మొక్కు చెల్లిస్తుంది, చుట్టాలకి ఫోన్ చేసి "మావాడు బాగైపోయాడు" అని చెప్పుకుంటుంది. అసలు కష్టం ఆ మర్నాటి నుంచే మొదలవుతుందని ఆమెకి చెప్పేవాళ్ళు తక్కువ.

ఒంట్లోంచి మత్తు దిగడానికి రోజులో, వారాలో చాలు. మనసులోంచి దిగడానికి నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏళ్ళు. వీధి మలుపులో పాన్ డబ్బా కనబడుతుంది. పాత స్నేహితుడు ఫోన్ చేస్తాడు. చేతిలో పని లేని సాయంత్రం వస్తుంది. అలవాటు తిరగబెట్టేది ఇలాంటప్పుడే. టైఫాయిడ్ తిరగబెడితే పిల్లాడిని తిట్టం కదా. ఇది తిరగబెడితే మాత్రం "ఇంత ఖర్చు పెట్టినా బుద్ధి రాలేదు" అంటాం.

మరి ఇంట్లో మనం ఏం చేస్తాం? జేబులు వెతుకుతాం, పర్సులో డబ్బు రెండుసార్లు లెక్కపెట్టుకుంటాం, వాడు గుమ్మంలోకి రాగానే దగ్గరకెళ్ళి వాసన చూస్తాం. తల్లి పోలీసైతే కొడుకు దొంగ కావడం తప్ప ఏముంది? అలాగని ఊరుకోనూ లేం. డాక్టరుగారు చూసేది నెలకి ఒక్కసారి, ఆ పది పదిహేను నిమిషాలే. మిగతా రోజుల్లో వాడి మాట వినేదెవరు?

ఇక్కడే కావాలి, ఆ దారిన వెళ్ళి వెనక్కి వచ్చిన మనిషి. ఇలాంటివాళ్ళని పీర్ సపోర్ట్ వర్కర్లు అంటున్నారు, మనం తోటి సహాయకులు అనుకుందాం. రాత్రి పదకొండింటికి "అన్నా, ఆగలేకపోతున్నాను" అని ఫోన్ చేస్తే తిట్టకుండా, భయపడకుండా ఎత్తేవాడు. "నాకూ మూడోనెలలో ఇలాగే అయింది, బయటికి రా, టీ తాగుదాం" అనేవాడు. కాలేజీకి మళ్ళీ వెళ్ళే మొదటిరోజు పక్కన నడిచేవాడు. వీడు అబద్ధం చెబితే ఇట్టే పట్టేస్తాడు, ఎందుకంటే ఆ అబద్ధాలన్నీ తనూ ఆడినవే! సలహాలు చెప్పేవాళ్ళు ఇంటినిండా ఉంటారు. బాగుపడ్డ మనిషి కళ్ళెదుట కూర్చుంటే కలిగే ధైర్యం వేరు.

ఇదేమీ కొత్త సంగతి కాదు. 1935లో అమెరికాలోని ఆక్రన్ ఊళ్ళో బిల్ విల్సన్ అనే స్టాక్ వ్యాపారి, బాబ్ స్మిత్ అనే సర్జను, ఇద్దరూ తాగుడుతో చితికినవాళ్ళే, ఒకరికొకరు చెప్పుకుంటూ మానుకున్నారు. ఆల్కహాలిక్స్ అనానిమస్ పుట్టింది అలాగే. మన పక్కనే చెన్నైలో శాంతి రంగనాథన్ భర్తను తాగుడుకి పోగొట్టుకుని, 1980లో ఆయన పేరుమీదే చికిత్సా సంస్థ స్థాపించారు. 1992లో ఆవిడకి పద్మశ్రీ వచ్చింది. అదే ఏడాది మన నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా కొట్టు మూయించారు. వాళ్ళకా తెగువ ఎక్కడిది? రాత్రి పూట అక్షరాస్యత తరగతిలో పక్కపక్కన కూర్చుని, నీ కథే నా కథ అని తెలుసుకోవడం వల్ల కాదూ! కష్టం ఒకటైనవాళ్ళు కలిస్తే ఏమవుతుందో మనకి ఒకరు చెప్పనక్కర్లేదు.

కానీ పందొమ్మిదేళ్ళ కుర్రాణ్ణి యాభయ్యేళ్ళ తాగుబోతుల మీటింగులో కూర్చోబెడితే "నా సంగతి వేరు" అనుకుంటాడు. వాళ్ళ ఉద్యోగాలు, అప్పులు, పాడైన లివర్లు వాడివి కావు. వాడి బెంగ బ్యాక్‌లాగ్‌లు, స్నేహితులు, ఇన్‌స్టాగ్రామ్. తోటివాడంటే వయసులో కూడా తోటివాడే కావాలి. పిల్లల్లో సమస్య తీరే వేరు. కేంద్ర ప్రభుత్వం తరఫున ఎయిమ్స్ వాళ్ళు చేసిన దేశవ్యాప్త సర్వే నివేదిక 2019లో వచ్చింది. సొల్యూషన్లు, వైట్నర్లలాంటివి పీల్చే అలవాటొక్కటే పెద్దవాళ్ళలోకంటే పిల్లల్లో ఎక్కువని అందులో తేలింది, పెద్దల్లో 0.58 శాతం, పిల్లల్లో 1.17 శాతం. మద్యానికి బానిసలైనవాళ్ళలో 38 మందికి ఒకరికే ఏదో ఒక చికిత్స అందుతోందని కూడా అదే నివేదిక చెప్పింది. చికిత్సకే ఇంత కరువైతే ఆ తర్వాతి తోడు గురించి అడిగేదెవరు?

విచిత్రమేమిటంటే, కేంద్ర ప్రభుత్వ సాయంతో నడిచే పునరావాస కేంద్రాల సిబ్బంది జాబితాలో పీర్ ఎడ్యుకేటర్ అనే ఉద్యోగం ఉంది. మత్తు మానిన మనిషికే ఆ ఉద్యోగం. అయితే ఆ మనిషిని గోడలు దాటి కుర్రాడి ఇంటిదాకా, కాలేజీదాకా పంపించాలి. శిక్షణ ఇవ్వాలి, బతకడానికి సరిపడా జీతం ఇవ్వాలి. అన్నిటికంటే ముఖ్యం, అతని బరువు వినడానికీ ఒకరుండాలి. రోజూ పదిమంది తపన వింటుంటే అతనికి మాత్రం పాత దాహం లేవదా? కొత్తగా మానిన నలుగుర్ని ఒక గదిలో చేర్చి గ్రూపు అనేస్తే సరిపోదు. నలుగురూ కలిసే మళ్ళీ మొదలెట్టొచ్చు.

తోటి సహాయకుడు డాక్టరు కూడా కాదు. హెరాయిన్, నొప్పి మాత్రలలాంటివి కొంతకాలం మానినవాడు మళ్ళీ పాత మోతాదే తీసుకుంటే ఊపిరి ఆగి ప్రాణం పోవచ్చు, ఎందుకంటే ఒంటికి అప్పటి ఓర్పు పోయి ఉంటుంది. అలాంటప్పుడు రహస్యం దాచకుండా ఆస్పత్రికి పరిగెత్తడం తెలిసినవాడే నిజమైన తోడు.

పోలీసు కేసవుతుందేమోనని దాచిపెట్టే తల్లిదండ్రులున్నారు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలో 64ఎ సెక్షను ఉంది. వాడకం కేసులోనో, చిన్న మొత్తంతోనో పట్టుబడిన వ్యసనపరుడు తనంత తానుగా గుర్తింపు ఉన్న చోట చికిత్సకి ముందుకొస్తే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ దొరుకుతుంది. మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోవచ్చు. ఇంకోటి, సెంటర్లో గొలుసులతో కట్టేస్తే "మంచికే" అని సర్దుకోకండి. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం దాన్ని నిషేధించింది.

ఇక పెళ్ళి సంగతి. "ఓ పిల్లని కట్టబెడితే వాడే దారికొస్తాడు" అనే మాట మా వీధిలోనే ఎన్నిసార్లు విన్నానో. అవతలివాళ్ళకి చెప్పకుండా చేసే పెళ్ళి అది. ఇరవై రెండేళ్ళ పిల్ల, గంజాయి వాసన కూడా ఎరగనిది, తెల్లారేసరికి నర్సు, కాపలాదారు, తోటి సహాయకురాలు అన్నీ అయిపోవాలి. జీతం లేదు, శిక్షణ లేదు, సెలవు లేదు. వాడికి తిరగబెడితే "నువ్వు సరిగ్గా చూసుకోలేదు" అని నింద కూడా ఆమెకే. ఆ పని తెలిసినవాడికి పదివేలో పదిహేనువేలో ఇవ్వడానికి మాత్రం చేతులు రావు! కట్నం లెక్కల్లో ఆరితేరిన పెద్దలకి ఈ లెక్క అందదా?

అలవాటుపడ్డ ఆడపిల్ల సంగతైతే మరీ అన్యాయం. పరువుకి భయపడి ఆమెని సెంటర్‌కే తీసుకెళ్ళరు. ఆమెకి మానేసిన అక్క తోడు కావాలి, అన్న కాదు.

సాయం కావాలంటే 14446 నంబరుకి ఉచితంగా ఫోన్ చేయొచ్చు, అది కేంద్ర ప్రభుత్వ హెల్ప్‌లైను. పిల్లాణ్ణి చేర్చేముందు గదికి ఏసీ ఉందా అని అడిగినట్టే ఇవి కూడా అడగండి: మానేసి నిలబడ్డ కుర్రాళ్ళు మీ దగ్గర పనిచేస్తున్నారా? ఇంటికి పంపాక ఎన్ని నెలలు, వారానికెన్నిసార్లు మావాణ్ణి కలుస్తారు? తిరగబెడితే మళ్ళీ తలుపు తీస్తారా, లేక వచ్చినదారే చూపిస్తారా? జవాబు నీళ్ళు నమిలినట్టుంటే, అడ్వాన్సు కట్టకుండా ఇంకో చోట కనుక్కోండి.