విరిగిన పనిముట్టు ఎవరి వద్దకు తిరిగి వెళ్లాలి?

చేతి పనిముట్లను గురించి వ్యవసాయ విస్తరణ సాహిత్యం చెప్పే మాటలు ప్రాయికంగా రెండు విషయాలకే పరిమితమవుతాయి. ఎకరానికి ఎన్ని పనిగంటలు ఆదా అవుతాయన్నది ఒకటి, ధర ఎంతన్నది రెండవది. పనిముట్టు విరిగిన తరువాత ఏమి చేయాలన్న ప్రశ్న శిక్షణ కరదీపికలలో కనిపించడం అరుదు. గోదావరి డెల్టాలో విరిగిన పనిముట్టుకు పట్టే గతి అందరికీ తెలిసినదే. అది పాత ఇనుము కింద తూకానికి పోతుంది. దానితోపాటు కొన్నవాని హక్కు, తయారీదారు నేర్చుకోవలసిన పాఠం, పరిశోధకునికి దొరకవలసిన సమాచారం కూడా అదే తూకంలో పోతున్నాయి.

ఈ సమస్యను పరిశీలించడానికి యానాం తగిన స్థలం. గౌతమీ గోదావరి ఒడ్డున సుమారు 30 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణంలో ఉన్న ఈ పట్టణం పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో భాగం. చుట్టూ ఉన్న పొలాలు, కొబ్బరి తోటలు మాత్రం ఆంధ్రప్రదేశ్‌వి. ఫ్రెంచి పాలనలో ఇక్కడి మంగళవారం సంతకు మద్రాసు రాజధాని ప్రాంతం నుంచి జనం విదేశీ వస్తువుల కోసం వచ్చేవారు. కొనుగోలుకు సరిహద్దు దాటడం ఇక్కడ కొత్త కాదు. నేడు యానాం వాసి కాకినాడలో కొనవచ్చు, తాళ్లరేవు రైతు యానాంలో కొనవచ్చు, బాలయోగి వారధి మీదుగా కోనసీమ దింపు కార్మికుడు ఏ ఒడ్డుననైనా కొనవచ్చు. వస్తువు ఇంత సులభంగా సరిహద్దు దాటుతుంది కాని, దానిపై ఫిర్యాదు దాటదన్న అపోహ బలంగా నాటుకుపోయింది.

ఒకప్పుడు వారంటీ అనే మాట లేకపోయినా ఆ ఏర్పాటు ఉండేది. గ్రామంలోని కమ్మరికి రైతు కళ్లంలో మేర కొలిచేవాడు. ప్రతిగా ఏడాది పొడవునా కర్రు సాగగొట్టడం, కొడవలికి కక్కు కొట్టడం, గొడ్డలికి పదును పెట్టడం కమ్మరి బాధ్యత. చేసినవాడు, బాగుచేసేవాడు ఒకడే కావడం వల్ల పనిముట్టులోని లోపం తిరిగి కొలిమికే చేరేది. ఏ ఇనుము పెళుసుగా ఉన్నదో, ఏ అంచు త్వరగా వంగుతున్నదో కమ్మరికి తెలియజెప్పడానికి వేరే నివేదిక అవసరం ఉండేది కాదు. ఆ వ్యవస్థలోని కులపరమైన అసమానతను మరచి దానిని పొగడడం తగదు. అయితే అది సడలిపోయినప్పుడు లోపం వెనక్కి వెళ్లే దారి కూడా మూసుకుపోయిందన్నది గమనించవలసిన విషయం.

నేటికీ కొడవలి, పార, గునపం వంటి వాటి విషయంలో వారంటీ కోసం వెంపర్లాడడం అనవసరం. కొలిమి దగ్గరలో ఉంటే అదే మేలు. కొడవలి ధరకంటే దానిని దుకాణానికి తిరిగి తీసుకుపోయే బస్సు చార్జీ ఎక్కువ కావచ్చు. కొలిమిలో పునర్నిర్మించడానికి వీలులేని పనిముట్ల విషయంలోనే అసలు చిక్కు వస్తుంది. కొమ్మలు కత్తిరించే సికేచర్, అంటుకత్తి, చేతి స్ప్రేయర్, కొబ్బరి చెట్టు ఎక్కే సాధనం ఈ కోవకు చెందుతాయి. కడియం నర్సరీలలో సికేచర్ పట్టిన చేయి రోజంతా కోస్తూనే ఉంటుంది. ఇంటి పెరటిలో వారానికి ఒకమారు గులాబీ కొమ్మ కోయడానికి చేసిన కత్తెరను ఆ పనికి పెడితే అది విరగడంలో వింత లేదు. అది లోపం కిందికి రాదు, ఎంపికలో జరిగిన పొరపాటు మాత్రమే. ఏ వారంటీ కూడా ఆ పొరపాటును కప్పదు.

వృత్తిస్థాయి పనిముట్టును రంగు చూసి, పేరు చూసి గుర్తించలేము. సికేచర్‌లో ముందుగా చూడవలసినది అలగు, స్ప్రింగు, మధ్య బోల్టు విడివిడిగా ఊడివస్తాయా, అవి విడిగా అమ్మకానికి దొరుకుతాయా అన్నది. రివెట్టుతో శాశ్వతంగా బిగించినదానికి మరమ్మతు ఉండదు. స్విట్జర్లాండ్‌లో 1945లో స్థాపితమైన ఫెల్కో సంస్థ కత్తెరలకు ప్రపంచవ్యాప్తంగా పేరు రావడానికి ఉక్కు ఎంత కారణమో, ప్రతి భాగమూ మార్చుకోగలగడం అంతే కారణం. పచ్చి కొమ్మలకు రెండు అలుగులు ఒకదాని పక్కగా మరొకటి జారే రకమే తగినది. పలకపై నొక్కి కోసే రకం కాడను నలుపుతుంది. అంటుకట్టే పనిలో ఆ నలుగుడే నష్టం. మంచి అలగు కాఠిన్యం సాధారణంగా 54 నుంచి 58 రాక్‌వెల్ సి ప్రాంతంలో ఉంటుంది. దుకాణంలో దానిని కొలిచే యంత్రం ఉండదు కనుక కొత్త ఆకురాయి ఒకటి చాలు. అంచుకు దూరంగా, కనిపించని చోట తేలికగా రుద్దినప్పుడు ఆకురాయి సులభంగా కొరికితే ఆ ఉక్కు మెత్తనిది. జారిపోతే గట్టిపడినది. అంతకుమించి ఈ పరీక్ష చెప్పదు. పెళుసుదనం దీనితో తెలియదు.

పారలకు ఐఎస్ 1759, గునపాలకు ఐఎస్ 704, పిస్టన్ రకం చేతి స్ప్రేయర్లకు ఐఎస్ 3906 భారతీయ ప్రమాణాలుగా ఉన్నాయి. ఐఎస్‌ఐ గుర్తు ఉన్న వస్తువుపై సీఎం/ఎల్ అక్షరాలతో లైసెన్సు సంఖ్య ఉండాలి. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ సంఖ్యను సరిచూడడానికి ఒక నిమిషం చాలు. తయారీదారు పేరు, తయారీ బ్యాచ్ లోహం మీద చెక్కి ఉన్నాయా, లేక కాగితపు చీటీపై మాత్రమే ఉన్నాయా అన్నది మరింత ముఖ్యం. యానాం వంటి ఉప్పుగాలి ప్రాంతంలో చీటీ వర్షాకాలం దాటదు. గుర్తు పోయిన పనిముట్టుకు తయారీదారు ఎవరో నిరూపించడం కష్టం.

వారంటీ తిరస్కరణలలో తయారీదారు పక్షాన న్యాయం ఉండే సందర్భం ఒకటి ఉంది. విస్తరణ సిబ్బంది దానిని తప్పక తెలుసుకోవాలి. మొద్దుబారిన అలగును కరెంటు సానరాయిపై నీరు పోయకుండా పట్టినప్పుడు అంచు నీలిరంగుకు తిరుగుతుంది. ఉక్కు సుమారు 300 డిగ్రీల సెల్సియస్‌కు చేరిందనడానికి ఆ రంగు గుర్తు. లేత గడ్డిరంగు దాదాపు 220, 230 డిగ్రీల వద్ద కనిపిస్తుంది. నీలిరంగు వచ్చిన అంచులో కర్మాగారం ఇచ్చిన పదును సడలిపోయి ఉంటుంది. ఆ తరువాత అంచు మడతపడితే అది ఎవరి తప్పో రంగే చెబుతుంది. కొనుగోలు చేసిన వారంలోనే సానకు ఇవ్వడం డెల్టాలో మామూలు. వారంటీ ఉన్న పనిముట్టుకు నూనెరాయిపై చేతితో పదును పెట్టడం నేర్పకుండా వారంటీ గురించి మాత్రమే నేర్పితే ఆ శిక్షణ అసంపూర్ణం.

ఇక వారంటీ పత్రంలోని మాటల సంగతి. ‘జీవితకాలం’ అన్న మాట ఎవరి జీవితాన్ని ఉద్దేశిస్తున్నదో చదివి తెలుసుకోవాలి. అనేక పత్రాలలో అది తయారీ లోపానికి, లోహ లోపానికి మాత్రమే పరిమితం. అరుగుదల, అలగు, స్ప్రింగు, చెక్క కామ సాధారణంగా మినహాయింపులోకి పోతాయి. అమెరికాలో సియర్స్ సంస్థ 1927లో ప్రారంభించిన క్రాఫ్ట్స్‌మన్ చేతి పనిముట్లకు ఏ కారణం అడగకుండా, రసీదు చూడకుండా బదులు ఇచ్చే విధానం చాలాకాలం నడిచింది. ఊరూరా దుకాణం ఉండి, విరిగినదానిని బల్లమీద పెట్టగానే కొత్తది చేతికి రావడమే దాని బలం. బదులు ఇచ్చే చోటు చేరువలో లేనప్పుడు అంతటి హామీ కూడా కాగితమే. కనుక కొనేముందు అడగవలసిన మొదటి ప్రశ్న వారంటీ ఎన్నేళ్లని కాక, బదులు ఇచ్చేది ఏ ఊళ్లో అని.

రసీదు విషయంలో ఒక విచిత్రమైన పరిస్థితి ఉంది. పారలు, కొడవళ్లు, సికేచర్లు వంటి వ్యవసాయ చేతి పనిముట్లకు జీఎస్టీ మినహాయింపు ఉంది. మినహాయింపు ఉన్న సరుకుకు నమోదిత వ్యాపారి సరఫరా బిల్లు ఇవ్వాలి. విలువ 200 రూపాయలకు తక్కువై, కొన్నవారు అడగకపోతే విడిగా ఇవ్వనవసరం లేదు. రైతుకు మేలు చేయడానికి ఇచ్చిన పన్ను రాయితీ ఆ విధంగా రైతు చేతిలో బిల్లు లేకుండా చేసింది. ‘అడగకపోతే’ అన్న మాటను విస్తరణ సిబ్బంది పట్టుకోవాలి. అడిగితే ఇవ్వవలసినదే. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడం అనుచిత వాణిజ్య పద్ధతి. లోపమున్న సరుకును బిల్లులో పేర్కొన్న గడువులో, అటువంటి గడువు లేనిచోట 30 రోజులలో వెనక్కి తీసుకోవడానికి నిరాకరించడం కూడా అనుచిత వాణిజ్య పద్ధతే. రాతపూర్వకమైన వారంటీ లేకపోయినా 1930 నాటి వస్తు విక్రయ చట్టం 16వ సెక్షన్ కొంత ఆసరా ఇస్తుంది. ఏ పనికి కొంటున్నదీ చెప్పి, అమ్మేవాని నైపుణ్యంపై ఆధారపడి కొన్నప్పుడు సరుకు ఆ పనికి తగినదై ఉండాలన్నది అందులోని నియమం. పేరున్న బ్రాండును పేరు చెప్పి అడిగి కొన్నప్పుడు మాత్రం ఈ ఆసరా బలహీనపడుతుంది. కనుక ‘ఫలానా కంపెనీది ఇవ్వండి’ అనడం కంటే ‘రోజంతా మామిడి అంట్లు కోయడానికి తగినది ఇవ్వండి’ అని, ఆ మాటను బిల్లుపై రాయించుకోవడం మేలు.

సరిహద్దు అపోహకు కూడా చట్టంలోనే సమాధానం ఉంది. 2020 జూలై 20న అమలులోకి వచ్చిన కొత్త చట్టం ఫిర్యాదీ నివసించే చోట లేదా పనిచేసే చోట ఉన్న జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు చేయడానికి అవకాశం ఇచ్చింది. కాకినాడలో కొన్న యానాం వాసి కాకినాడకే పోవలసిన అవసరం లేదు. యానాంలో కొన్న తాళ్లరేవు రైతు పుదుచ్చేరికి ప్రయాణం కట్టనవసరం లేదు. 5 లక్షల రూపాయల వరకు రుసుము లేదు, గడువు రెండేళ్లు. అంతకుముందే 1915 నంబరుకు ఫోను చేయడం చాలా తగాదాలకు చాలవచ్చు. ఆన్‌లైన్‌లో కొన్నదానికి ఆ వేదిక ఫిర్యాదుల అధికారి 48 గంటలలో అందినట్లు తెలిపి, నెలలోగా పరిష్కరించాలి.

ఇక్కడ ఒక అభ్యంతరం రావచ్చు. వృత్తికోసం కొన్న పనిముట్టు వాణిజ్య ప్రయోజనం కిందికి వస్తుంది కదా, కొన్నవాడు వినియోగదారుడు ఎలా అవుతాడని అమ్మకందారులు వాదిస్తారు. స్వయం ఉపాధితో జీవనోపాధి కోసం మాత్రమే వాడే వస్తువును చట్టం వాణిజ్య ప్రయోజనంగా పరిగణించదు. సొంత కత్తితో పనికి పోయే దింపు కార్మికుడు నిస్సందేహంగా వినియోగదారుడే. యాభై మంది కూలీల కోసం ఒకేసారి యాభై సికేచర్లు కొన్న నర్సరీ యజమాని విషయం అంత స్పష్టం కాదు. అతడికి చట్టంకంటే కొనుగోలు ఒప్పందంలోని షరతులే గట్టి రక్షణ.

సాక్ష్యం విషయంలో విత్తనాల తీర్పు గుర్తుకు తెచ్చుకోదగినది. నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ కేసులో 2012లో సుప్రీంకోర్టు ఆంధ్రప్రదేశ్ రైతులను వినియోగదారులుగా గుర్తించింది. విత్తనమంతా చల్లేసిన రైతు పరీక్షకోసం కొంత దాచిపెట్టాలని ఆశించలేమని కూడా చెప్పింది. పనిముట్టు వాడే కార్మికుని పరిస్థితి దీనికి పూర్తిగా భిన్నం. సాక్ష్యం అతని చేతిలోనే ఉంటుంది. విరిగిన ముఖంలో పాత తుప్పు మరక ఉంటే పగులు ముందునుంచే ఉన్నదని తెలుస్తుంది. ఇసుకరేణువుల వలె మెరిసే ముతక ముఖం పెళుసుదనాన్ని, పదును పెట్టడంలో జరిగిన తప్పును అనుమానింపజేస్తుంది. అవసరమైతే కమిషన్ దానిని ప్రయోగశాలకు పంపగలదు. కాని వెల్డింగు చేయించినా, కొలిమిలో పెట్టినా ఆ ముఖం మాట్లాడదు. ముక్కలు రెండూ తుడిచి, నూనె రాసి, కాగితంలో చుట్టి ఉంచడం చదువురాని కార్మికుడైనా చేయగల పని.

పనిముట్టు విరగడం వల్ల పోయేది దాని ధర ఒక్కటే కాదని, ఆ రోజు కూలి కూడా పోతుందని చెప్పనవసరం లేదు. కొబ్బరి చెట్టు ఎక్కే సాధనంలో భాగం విరిగితే పోయేది ప్రాణం. కొబ్బరి అభివృద్ధి మండలి 2011 నుంచి ‘కొబ్బరి చెట్ల స్నేహితులు’ శిక్షణలో ఈ సాధనాలను యువతకు అందిస్తూ వచ్చింది. ఇటువంటి పంపిణీలలో ఎన్ని ఇచ్చారన్న లెక్క ఉన్నట్లే, ఏ భాగం ఎప్పుడు, ఎన్ని చెట్ల తరువాత అరిగిందన్న లెక్క కూడా ఉండవలసినది. పరిశోధన కేంద్రంలో చేసే మన్నిక పరీక్షకంటే కోనసీమ తోటలో ఏడాది వాడకం ఎక్కువ చెబుతుంది.

కనుక సబ్సిడీపై పనిముట్లు పంచే ప్రతి టెండరులో బదులు ఇచ్చే చోటును డెల్టాలోని ఒక ఊరి పేరుతో రాయించాలి. అరిగే భాగాల నిల్వను సరఫరాదారు అక్కడే ఉంచాలన్న షరతు పెట్టాలి. కృషి విజ్ఞాన కేంద్రాలు విరిగిన పనిముట్ల రిజిస్టరు ఒకటి తెరవాలి. దీనికి కొత్త నిధులు అక్కరలేదు. వ్యవసాయ ఇంజనీరింగు విద్యార్థుల గ్రామీణ శిక్షణలో ఒక్కొక్కరు పది విరిగిన పనిముట్లను సేకరించి, విరుపు ముఖాన్ని ఫోటో తీసి, నమోదు చేస్తే చాలు. పనిముట్టు పేరు, లోహంపై ఉన్న గుర్తు, కొన్న తేదీ, బిల్లు ఉన్నదా లేదా, ఏ పని చేస్తుండగా విరిగింది, సానపట్టారా, బదులు అడిగితే ఏమన్నారు అన్న ఏడు గడులు అందులో ఉండాలి. ఆఖరి గడి మొదటి ఏడాది చాలామటుకు ఖాళీగానే ఉండవచ్చు. ఆ ఖాళీని కూడా అలాగే నమోదు చేయాలి.