క్రోమ్ ఇంట్లోనే ఉంది

ఈ నెల మా పేజీ కంప్యూటరు సంగతికే సరిపోయింది. వంటల కోసం చూసేవారు మన్నించాలి.

హెచ్-4 వీసా మీద ఉన్నవారిలో కొందరికి 2015లో ఉద్యోగానుమతి దొరికిన తరువాత, మన ఇళ్ళల్లో ఒక దృశ్యం మామూలైంది. పిల్లలు పడుకున్నాక డైనింగు టేబులు మీద ల్యాప్‌టాప్ తెరిచి ఆడపడుచులు కొత్త విద్య నేర్చుకోవడం. వారిలో కొందరు ఎంచుకుంటున్నది గూగుల్ వారి ఫ్లట్టర్. ఒకసారి వ్రాసిన ప్రోగ్రాము ఫోనులోనూ, 2021 మార్చి నుంచి వెబ్‌లోనూ నడుస్తుంది కనుక ఎంపిక మంచిదే.

చిక్కు మొదటి సాయంత్రమే వస్తుంది. 'ఫ్లట్టర్ డాక్టర్' అని టైపు చేస్తే అది యంత్రాన్ని పరీక్షించి లోపాలు చెబుతుంది. (మన సంఘంలో డాక్టర్లకు కొదవ లేదు గాని, ఈ డాక్టరు ఫీజు అడగడు.) క్రోమ్ దగ్గర ఎర్రని ఇంటూ గుర్తు వేసి, క్రోమ్ కనబడలేదంటాడు. పాఠం చదువుతున్నదేమో ఆ క్రోమ్‌లోనే! ఇక క్రోమ్ తీసేసి మళ్ళీ పెట్టడం, ఫ్లట్టర్ తీసేసి మళ్ళీ పెట్టడం, అర్ధరాత్రి దాటాక "ఈ విద్య మనకు అచ్చిరాదు" అని మూసేయడం. నాలుగైదేళ్ళు ఇంటిపట్టున ఉన్నవారికి తమ మీద తమకు అనుమానం ముందే ఉంటుంది. దానికి ఈ ఎర్ర గుర్తు తోడవడమే మాకు బాధ.

డాక్టరు మాటకు అసలు అర్థం వేరు. బిగ్ బీవర్ రోడ్డు నుంచి రోచెస్టర్ హిల్స్‌కు మారిన చుట్టం కోసం పాత ఇంటి తలుపు కొట్టి, "ఆయన మిషిగన్‌లోనే లేడు" అన్నట్టుంటుంది. ఫ్లట్టర్‌కు తెలిసిన చిరునామాలు కొన్నే. విండోస్‌లో రెండు 'ప్రోగ్రామ్ ఫైల్స్' ఫోల్డర్లు, వాడుకరి సొంత 'లోకల్ యాప్‌డేటా' చూస్తుంది. మాక్‌లో 'అప్లికేషన్స్' చూస్తుంది. లినక్స్‌లో 'గూగుల్-క్రోమ్' అనే పేరుతో పిలుస్తుంది. అక్కడ ఉన్నది క్రోమియమ్ అయితే ఆ పేరుకు పలకదు.

కాబట్టి మనమే చిరునామా చెప్పాలి. విండోస్‌లో 'ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్' తెరిచి, 'క్రోమ్ ఎగ్జిక్యూటబుల్' అనే కొత్త పేరు చేర్చండి. ఇంగ్లీషులో అన్నీ పెద్ద అక్షరాలు, రెండు మాటల మధ్య ఖాళీకి బదులు అండర్‌స్కోర్. దానికి విలువగా క్రోమ్ ఫైలు పూర్తి దారి ఇవ్వాలి, చివర 'క్రోమ్ డాట్ ఈఎక్స్ఈ' దాకా. ఫోల్డరు పేరుతో ఆపితే లాభం లేదు. మాక్‌లో బయటికి కనబడే బొమ్మ దారి చాలదు. దాని లోపలి 'కంటెంట్స్', అందులో 'మాక్ఓఎస్', అందులోని 'గూగుల్ క్రోమ్' దాకా వెళ్ళాలి. ఆ పేరులో ఖాళీ ఉంది కనుక కొటేషన్ గుర్తులు తప్పవు. మాక్‌లోనూ లినక్స్‌లోనూ ఈ వాక్యాన్ని ఎక్స్‌పోర్ట్ అన్న మాటతో షెల్ సెట్టింగుల ఫైలులో వ్రాసుకుంటే రోజూ చెప్పే పని ఉండదు.

తరువాత టెర్మినల్‌ను, ఎడిటర్‌ను పూర్తిగా మూసి మళ్ళీ తెరవండి. తెరిచి ఉన్న కిటికీ దగ్గర పాత వివరాల నకలే ఉంటుంది. అన్నీ సరిగా చేసి ఇక్కడ ఆగిపోయేవారే ఎక్కువని మా అనుమానం.

ఫోను ప్రోగ్రాములు మాత్రమే నేర్చుకునేవారు ఈ ఎర్ర గుర్తును అసలు పట్టించుకోనక్కర్లేదు. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో క్రోమ్ పెట్టుకోనివ్వకపోతే విండోస్‌లో ఎడ్జ్ ఉండనే ఉంది, ఫ్లట్టర్ దానితోనూ పనిచేస్తుంది. అదీ కుదరకపోతే 'వెబ్-సర్వర్' అని చెప్పి నడిపిస్తే ఒక చిరునామా చూపిస్తుంది. దాన్ని మీకు నచ్చిన బ్రౌజరులో మీరే తెరుచుకోవచ్చు.