ప్రకృతికి అంటగట్టిన ప్రకోపం

హిందీలో ‘ప్రకృతి కా ప్రకోప్’ అని ఒక పదబంధం ఉన్నది. దానిని ‘ప్రకృతి ప్రకోపం’ అని తెలుగు చేయడానికి అనువాదకుడు క్షణకాలమైనా ఆలోచించనక్కరలేదు. రెండు మాటలూ మన నిఘంటువులలో ఉన్నవే. అయితే ముప్పది ఏండ్లుగా హిందీ గ్రంథాలను తెలుగులోకి తెస్తున్న నేను, ఇంత సులువుగా దాటివచ్చే మాటలను శంకించడం నేర్చుకున్నాను. ఈ మాట విషయంలో శంక మాత్రమే కాదు, బద్ధవైరమే ఉన్నది నాకు. ఏ రాత్రి హిమాలయంలో కొండచరియ విరిగిపడినా, తెల్లవారేసరికి టెలివిజన్ తెరమీద ఎఱ్ఱని అక్షరాలతో ఈ మాట ప్రత్యక్షమవుతుంది. ఆ వాక్యంలో కర్త ప్రకృతి. కొండ పాదాన్ని తొలిచినవాడు, నది ఒడ్డును ఆక్రమించి వసతిగృహం కట్టినవాడు, కట్టుకొమ్మని అనుమతిపత్రం ఇచ్చినవాడు ఆ వాక్యంలో ఎక్కడా కనిపించరు. అపరాధులందరినీ ఒక్క షష్ఠీ తత్పురుష సమాసం కాపాడుతున్నది!

ఇదే టెలివిజన్ యాత్రాకాలం ఆరంభమైన నాడు అదే కొండను ‘దేవభూమి’ అని కీర్తిస్తుంది. పొగడ్తగా వినిపించే ఈ మాటా ఆ నిందకు తోబుట్టువే. దేవభూమిలో దేవతలుంటారు, వీపున గడ్డిమోపుతో ఏటవాలు ఎక్కివచ్చే స్త్రీ ఉండదు. వర్ణనలోనూ మనిషి లేడు, విపత్తులోనూ మనిషి లేడు. ఈ రెంటికీ నడుమ సంవత్సరం పొడుగునా కొండమీద జరిగే జీవితం వార్త కాదు.

2019 ఫాల్గుణంలో ఋషీకేశంనుంచి జోషీమఠం వరకు, సుమారు 250 కిలోమీటర్లు, బస్సులో ప్రయాణం చేశాను. దేవప్రయాగలో భాగీరథీ అలకనందలు కలిసే చోట రెండు నీళ్ళూ ఒకదానినొకటి అంగీకరించడానికి కొంత జాగు చేస్తవి; ఆ జాగును చూస్తూ బస్సు తప్పిపోనిచ్చాను. రుద్రప్రయాగ దాటిన తరువాత కొండవాలుల మీద బురాంశ్ చెట్లు ఎఱ్ఱగా పూచి ఉన్నవి. ఆ సౌందర్యాన్ని కాదనే పాపం నేను చేయను. కాని దారి పొడుగునా నాలుగు ధామాల రహదారి వెడల్పు పని సాగుతున్నది. కొండను నిట్టనిలువుగా కోసి ఆ మట్టినీ రాళ్ళనూ క్రింది లోయలోకి దొర్లించారు. ఒకచోట ఆ మట్టికి నడుములోతున పూడుకొనిపోయి కూడా పూచిన చెట్టును చూశాను. ఏ కెమెరా అయినా ఆ పువ్వును మాత్రమే చూపుతుంది.

జోషీమఠంలో నాకు ఆశ్రయమిచ్చిన వృద్ధుడు, విశ్రాంత ఉపాధ్యాయుడు, చలిమంట దగ్గర అన్న మాట ఇది: “భాయీసాహబ్, మా ఊరు బండమీద లేదు. ఏనాడో జారిపడిన కొండమీద ఉన్నది. జారింది మళ్ళీ జారదా?” ఇది ముసలివాని చాదస్తం కాదు. గఢ్వాల్ కమిషనర్ మిశ్రా అధ్యక్షతన ఏర్పడిన సంఘం 1976లోనే ఈ సంగతి వ్రాసిపెట్టింది: ఊరు పాత కొండచరియల శిథిలాలపై నిలిచి ఉన్నదనీ, భారీ కట్టడాలను నియంత్రించాలనీ, రాళ్ళను పేల్చరాదనీ, చెట్లను కొట్టరాదనీ. 2023 జనవరిలో ఎనిమిది వందలకు పైగా కట్టడాలు బీటలు వారిన తరువాతనే కెమెరాలు అక్కడికి పరుగెత్తినవి. పన్నెండు దినాలలో 5.4 సెంటీమీటర్లు కుంగినదని ఉపగ్రహ చిత్రాల ఆధారంగా వెలువడిన నివేదిక, వెలువడిన కొద్ది దినాలకే మాయమైంది. నిపుణ సంస్థలు పత్రికలతో మాట్లాడరాదని జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ చెప్పింది. నేను చూసిన ప్రసారాలలో ఈ మౌనంకంటె బీటలు వారిన గోడలే ఎక్కువసేపు నిలిచినవి. గోడ ప్రశ్నకు ఎదురుచెప్పదు గదా.

టెలివిజన్ వల్ల మేలే లేదంటావా అని అడిగేవారున్నారు. ఉన్నది. 2023 నవంబరులో సిల్క్యారా సొరంగంలో చిక్కుకున్న 41 మంది కూలీలు పదిహేడు దినాలకు బయటపడేవరకు దేశం చూపు మరలకుండా నిలిపినది అదే. ఆ ఋణం ఒప్పుకుంటాను. అయితే 2013 జూన్‌లో మా మేనత్త కేదారయాత్రకు వెళ్ళినప్పుడు మా ఇంట జరిగింది కూడా చెప్పాలి. వరద వచ్చిన తరువాత తొమ్మిది దినాలు ఆమె జాడ లేదు. మేము తెరముందు నుంచి లేవలేదు. ఆ తొమ్మిది దినాలూ అదే గుడి, అదే బురద, అదే వాద్యఘోష. పిమ్మట డెహ్రాడూన్ విమానాశ్రయంలో తెలుగు యాత్రికులను మేము తీసుకుపోతామంటే మేమని మన నాయకులు తోపులాడుకున్న దృశ్యం. దానిని ఎన్నిసార్లు చూపారో లెక్కలేదు. అత్తయ్య తిరిగివచ్చి చెప్పింది: గుప్తకాశి పరిసరాలలో ఒక పల్లెవారు తమ మగవారి జాడ తెలియక ఏడుస్తూనే, ఈమెకు ఆరు దినాలు రొట్టె పెట్టారట. ఆ పల్లెలు యాత్రమీద బ్రదికేవి. గుఱ్ఱాలు తోలడానికీ, దుకాణాలు నడపడానికీ, పూజలు చేయించడానికీ మగవారంతా ఆ ఋతువున పైకి వెళతారు. ఎందరో తిరిగి రాలేదు. ఆ పల్లె పేరు మా ఇంటి తెరమీద ఒక్కసారి కూడా కనబడలేదు.

ఈ దోషంలో రచయితలమైన మాకూ పాలున్నది. కౌసానీలో పుట్టిన సుమిత్రానందన్ పంత్‌ను తలచుకొని మంచుకొండలను వర్ణించే యాత్రావ్యాసాలను నేనే ఎన్ని అనువదించలేదు! దేశద్రిమ్మరితనాన్ని ఒక శాస్త్రంగా వ్రాసిన రాహుల్ సాంకృత్యాయన్ వెళ్ళిన చోటి మనుషుల భాషను, బ్రదుకును విచారించినవాడు. ఆయనను ఆరాధిస్తామంటూ మేము వ్రాసేది మాత్రం కిటికీలోనుంచి కనబడిన శిఖరాన్ని.

ఇటీవల ఒక హిందీ వ్యాసాన్ని తెలుగు చేస్తుండగా ఆ పదబంధం మళ్ళీ ఎదురైంది. వ్యాసంలో ముందువెనుకలు వెదికాను, కర్త దొరకలేదు. “కొండను ఎవరు తొలిచారో దయచేసి తెలుపగలరు, ఆ తరువాతనే అనువదిస్తాను” అని మూలరచయితకు ఉత్తరం వ్రాశాను. నెల అయింది. ఆ పుట ఇంకా నా బల్లమీదనే ఉన్నది.