కారు వచ్చెను, కంపెనీ పోయెను

1991 నాటి ఆర్థిక సంస్కరణలు విదేశీయ వాహననిర్మాతలకు ద్వారము తెరచిన పిదప మన దేశమున తొలుత అడుగిడినవారిలో ఫ్రాన్సు దేశపు ప్యూజో సంస్థ యొకటి. బొంబాయి ప్రీమియర్ ఆటోమొబైల్స్‌తో కూడి, కల్యాణ్ కర్మాగారమున ఆ సంస్థ నిర్మించిన 309 అను కుటుంబవాహనము, అంబాసిడరును, పద్మినిని, మారుతిని మాత్రమే యెఱిగిన మధ్యతరగతి గృహస్థునకు గొప్ప యాశ గొల్పెను.

1985లోనే ఐరోపాలో వెలువడి, 1993లో 306 అను నూతన వాహనమునకు చోటిచ్చి తొలగిన నమూనాను మనకు క్రొత్తదిగా నొసగుటలో కొంత చిన్నచూపు లేకపోలేదు; అయినను ఆ బండి చెడ్డదని నేననను. చెడినది దాని వెనుక నిలువవలసిన వ్యవస్థ. కార్మిక వివాదములచే ఉత్పత్తి కుంటువడెను. ప్రీమియర్ సంస్థ ఫియట్‌తో వేరొక పొత్తు కలుపుకొనుటచే మైత్రి చెదరెను. ముందుగా సొమ్ము కట్టినవారిలో అనేకులు మొదట బండికై, పిమ్మట ఆ సొమ్ముకై నిరీక్షింపవలసివచ్చెను. తుదకు 1997లో ప్యూజో వైదొలగెను.

బోరుమోటారు కొనబోవు మన సీమ రైతు, అది యెన్ని గుఱ్ఱపుశక్తులదని యడుగుటకు ముందు, కాయిలు కాలినయెడల చుట్టియిచ్చు షెడ్డు ఎచ్చటనున్నదని విచారించును. వాననమ్మరాని నేల నేర్పిన వివేకమది. విడిభాగమునకై పోవలెనన్నను కర్నూలునుండి హైదరాబాదు 210 కిలోమీటర్లు. మహానందికో, శ్రీశైలమునకో, తిరుమలకో వృద్ధులను, పిల్లలను ఎక్కించుకొని బయలుదేరిన కారు నడియెండలో ఆళ్లగడ్డ దాటి నిలిచిపోయినచో, నంద్యాల మెకానిక్కు ఎంతటి హస్తకౌశలము గలవాడైనను, లేని విడిభాగమును సృష్టింపజాలడు.

రెనో సంస్థ మహీంద్రాతో కలిసి 2007లో తెచ్చిన లోగన్ కథ ప్యూజో కథకు భిన్నము. 2006 బడ్జెట్ నాలుగు మీటర్లలోపు చిన్నకార్లకు సుంకమును 24 శాతమునుండి 16 శాతమునకు తగ్గింపగా, అంతకంటె పొడవైన లోగన్‌కు ఆ లాభము దక్కలేదు. అమ్మకములు సన్నగిల్లి 2010లో రెనో ఆ పొత్తునుండి తప్పుకొనెను. అయినను మహీంద్రా ఆ వాహనమునే 2011లో వెరిటో అను పేర కొనసాగించుటచే, కొన్నవారు దిక్కులేనివారు కాలేదు. ఈ మర్యాద ఒక స్వదేశ సంస్థ యిష్టమువలన లభించినదే గాని, చట్టమువలన గాదు; నా యాక్షేపణ యంతయు ఇచ్చటనే.

2020 జూలైలో అమలునకు వచ్చిన వినియోగదారుల పరిరక్షణచట్టము, బండి ఎచ్చట కొన్నను, కడపవాసి కడపలోనే ఫిర్యాదు చేసికొనుటకు వీలు కల్పించినది. ఇది మెచ్చదగిన మార్పు. కాని జిల్లా కమిషను సొమ్ము నిప్పింపగలదే గాని, తయారీ నిలిచిపోయిన గేరుపెట్టెను ఇప్పింపలేదు. కావున బుకింగు సొమ్మును బండి యప్పగించువఱకు బ్యాంకులో ప్రత్యేకఖాతాలో నుంచవలెననియు, అమ్మకము మానిన పిదప పది సంవత్సరములపాటు విడిభాగములు సరఫరా చేయవలెననియు, అందులకు తగిన ధరావతును విపణిలో ప్రవేశించునాడే చెల్లింపవలెననియు పార్లమెంటు శాసింపవలెను.