కంప్యూటరు కూర్పులో ఔచిత్యం

2023 వేసవి సెలవుల్లో నా పూర్వ విద్యార్థి ఒకడు మా ఇంటికి వచ్చాడు. ఇంటర్మీడియట్‌లో నా దగ్గర తెలుగు చదివి, డిగ్రీ పూర్తిచేసి, వరంగల్లులో పెళ్ళిళ్ళకు వీడియోలు తీసే స్టూడియోలో నాలుగేళ్ళు పనిచేసినవాడు. ఇక సొంతంగా పని మొదలుపెట్టాలన్న సంకల్పం అతనిది. తండ్రి పత్తి అమ్మగా వచ్చిన సొమ్ములోనుండి లక్ష రూపాయలు తీసి కొడుకు చేతిలో పెట్టాడు. ఆ సొమ్ముతో ఒక కంప్యూటరు అసెంబుల్ చేయించుకోవాలి. పగలు దానిమీద పెళ్ళి వీడియోలు ఎడిట్ చేయాలి, రాత్రి ఆటలు ఆడుకోవాలి. దుకాణదారు రాసిచ్చిన కొటేషన్ కాగితం నా ముందు పెట్టి, “ఒక్కసారి చూడండి సార్” అన్నాడు.

ప్రబంధాలు చదువుకొన్నవాడికీ ఆ కాగితానికీ ఏమి సంబంధమని మీకు తోచవచ్చు. నాకూ మొదట అలాగే తోచింది. కాని పద్యాన్ని ముందు పెట్టుకొన్నప్పుడు మనం చేసే పని ఏమిటి? పదాలను విడదీస్తాం. ఏ పదం దేనితో అన్వయిస్తుందో చూస్తాం. అన్వయం కుదరని పదం ఎంత సొగసైనదైనా దోషమే అంటాం. పదకొండవ శతాబ్దపు కాశ్మీర ఆలంకారికుడు క్షేమేంద్రుడు తన ‘ఔచిత్య విచార చర్చ’లో కావ్యానికి జీవం ఔచిత్యమేనని ప్రతిపాదించాడు. ఎంత విలువైన ఆభరణమైనా తన చోట లేకపోతే నవ్వు పుట్టిస్తుందని ఆయన అభిప్రాయం. కంప్యూటరు కూర్పించుకోదలచిన యువకులకు ఇంతకంటె మంచి సలహా దొరకదని నా నమ్మకం.

మా కళాశాలలో కంప్యూటరు బోధించే మిత్రుణ్ణి పక్కన కూర్చోబెట్టుకొని రెండు సాయంత్రాలు ఆ కాగితం చదివాను. మొత్తం సొమ్ములో దాదాపు సగం ఒక్క గ్రాఫిక్స్ కార్డుకే పోయింది. ర్యామ్ 16 జీబీ, అదీ ఒకే ముక్క. 500 జీబీ ఎస్‌ఎస్‌డీ ఒకటి, హార్డ్‌డిస్కు లేదు. ఎస్‌ఎంపీఎస్ దగ్గర వాట్లు ఉన్నాయి గాని తయారీదారు పేరు లేదు. క్యాబినెట్‌కు ముందువైపు అద్దం, లోపల రంగురంగుల దీపాలు. మానిటర్ దగ్గర 165 హెర్ట్జ్ అని రాశారు, రంగుల నాణ్యత గురించి ఒక్క ముక్క లేదు. అది ఆటగాడి కాగితం. తండ్రి పంట సొమ్ముతో బతుకుతెరువు వెతుక్కొంటున్నవాడి కాగితం కాదు.

ఇన్ని సంస్థలు చేసిన భాగాలు ఒక పెట్టెలో ఒదిగి పనిచేయడం ఈనాడు మనకు సహజంగా కనిపిస్తుంది. 1981లో ఐబీఎమ్ సంస్థ తన పర్సనల్ కంప్యూటరును బజారులో దొరికే భాగాలతో నిర్మించి, దాని సాంకేతిక వివరాలను ప్రచురించడంతో ఈ దారి తెరుచుకొంది. 1995లో ఇంటెల్ సంస్థ ఏటీఎక్స్ కొలతలను నిర్ణయించిన తరువాత మదర్‌బోర్డు, క్యాబినెట్, ఎస్‌ఎంపీఎస్‌లను వేరువేరు చోట్ల కొన్నా ఇమిడిపోతున్నాయి. అయితే ఇమడడం వేరు, అన్వయించడం వేరు.

ఆటకూ ఎడిటింగుకూ ఒకే యంత్రం చాలునని దుకాణదారులు సులభంగా చెబుతారు. నిజానికి ఆ రెండూ యంత్రాన్ని చెరొకవైపు లాగుతాయి. ఆటలో ప్రతి చిత్రమూ అప్పటికప్పుడు తయారు కావాలి. సెకనుకు 60 చిత్రాలు కావాలంటే ఒక్కొక్కదానికి సుమారు 16.7 మిల్లీసెకన్ల గడువు ఉంటుంది. 144 చిత్రాలు కావాలంటే 7 మిల్లీసెకన్లయినా ఉండదు. అందుచేత ఆటకు బలమైన గ్రాఫిక్స్ కార్డూ, సంఖ్యలో కొద్దివైనా వేగం గల కోర్లూ ముఖ్యం. ఎడిటింగులో గడువు అంత కఠినం కాదు, భారం మాత్రం ఎక్కువ. 4కె చిత్రంలో 82,94,400 బిందువులు ఉంటాయి. ఇది 1080పి చిత్రానికి సరిగ్గా నాలుగు రెట్లు. పూర్తయిన వీడియోను ఎగుమతి చేసేటప్పుడు ఎక్కువ కోర్లున్న ప్రాసెసరు అక్కరకు వస్తుంది. డావించి రిజాల్వ్ వంటి సాఫ్ట్‌వేర్‌లో రంగులు దిద్దేటప్పుడు గ్రాఫిక్స్ కార్డూ, దానిలోని మెమరీయే కష్టపడతాయి. గ్రాఫిక్స్ కార్డు ఎడిటింగుకు అక్కరలేదని నేననను. దానికోసం తక్కినవన్నీ ఉపవాసం ఉండనక్కరలేదని మాత్రమే అంటాను.

ఇక్కడ సాహిత్య విద్యార్థులకు ఆసక్తి కలిగించే సంగతి ఒకటి ఉంది. కెమెరాలు వీడియోను హెచ్.264, హెచ్.265 అనే పద్ధతుల్లో కుదించి దాచుకొంటాయి. ప్రతి చిత్రాన్నీ పూర్తిగా దాచవు. చాలా చిత్రాలకు ముందువెనుకల వాటితో పోలిస్తే వచ్చిన మార్పును మాత్రమే నమోదు చేస్తాయి. కావ్యాల్లో కులకం అని ఒకటి ఉంది. అనేక శ్లోకాలు కలిసి ఒకే వాక్యమవుతాయి, క్రియాపదం ఎక్కడో ఒకచోట ఉంటుంది. మధ్యలోని శ్లోకాన్ని విడిగా తీసి అర్థం చెప్పమంటే కుదరదు. కుదించిన వీడియో కూడా అంతే. టైమ్‌లైన్‌లో ఒక్క చిత్రాన్ని చూపడానికి కంప్యూటరు దాని చుట్టుపక్కల చిత్రాలను ఎన్నో విప్పవలసి వస్తుంది. ఎడిటింగులో కంప్యూటరు తడబడేది ఎక్కువగా ఈ విప్పడం దగ్గరే.

ఇంటెల్ ప్రాసెసర్లలో ఈ పనికోసం క్విక్ సింక్ అనే ప్రత్యేక విభాగం ఉంటుంది. అది ప్రాసెసరులోనే ఉండే చిన్న గ్రాఫిక్స్ భాగానికి చెందినది. ప్రాసెసరు పేరు చివర ‘ఎఫ్’ అనే అక్షరం ఉంటే ఆ గ్రాఫిక్స్ భాగం లేనట్టే, దానితోపాటు క్విక్ సింకూ లేనట్టే. ధర కొంత తగ్గుతుంది. కేవలం ఆటలు ఆడుకొనేవాడికి గ్రాఫిక్స్ కార్డు వేరుగా ఉంటుంది కాబట్టి నష్టం లేదు. నా విద్యార్థి కెమెరా మాత్రం రంగుల వివరాన్ని ఎక్కువగా నిలుపుకొనే 10-బిట్ 4:2:2 పద్ధతిలో హెచ్.265 వీడియో తీస్తుంది. ఎన్విడియా కార్డుల్లో ఈ తరహా వీడియోను విప్పే ఏర్పాటు 2025లో ఆర్‌టీఎక్స్ 50 శ్రేణితో గాని రాలేదు. అంటే అప్పట్లో అతని కాగితంలో ఉన్న ఖరీదైన కార్డు చేయలేని పనిని, కొద్దిపాటి ఆదాకోసం వదులుకొంటున్న ఆ భాగమే చేయగలదు. కాగితంలో ప్రాసెసరు పేరు చివర ‘ఎఫ్’ ఉంది. ఒక్క అక్షరం అర్థాన్ని తలకిందులు చేయడం మనకు కొత్త కాదు గాని, లక్ష రూపాయల దగ్గర అలా జరగడం నేను చూడడం అదే మొదలు.

తరువాత లెక్క వేయించాను. అతని కెమెరా సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున నమోదు చేస్తుంది. అంటే సెకనుకు 12.5 మెగాబైట్లు, గంటకు 45 జీబీ. పెళ్ళికి మూడు కెమెరాలు, ఒక్కొక్కటి ఆరు గంటలు నడిస్తే 810 జీబీ. కొనబోతున్న డిస్కు 500 జీబీ! ఒక్క పెళ్ళి కూడా దానిలో పట్టదు. మరి పాత పెళ్ళిళ్ళ ప్రతులు ఎక్కడ దాచాలి? “క్లయింటుకు ఇచ్చాక తీసేస్తాం సార్” అన్నాడు. తలంబ్రాలు మళ్ళీ పోయించలేం కదా నాయనా అన్నాను. పని జరుగుతున్న వీడియోకు వేగమైన ఎస్‌ఎస్‌డీ, పూర్తయినవాటికి పెద్ద హార్డ్‌డిస్కు, దాని ప్రతి మరొకచోట. ఇంత మాత్రం లేనిదే ఎవరి పెళ్ళీ ఒప్పుకోకూడదని నేను గట్టిగానే చెప్పాను.

ర్యామ్ విషయం తొందరగా తేలింది. ఒకే ముక్కకంటె సమానమైన రెండు ముక్కలు వేస్తే ప్రాసెసరుకు మెమరీతో రెండు దారులు ఏర్పడతాయి. 4కె ఎడిటింగుకు మొత్తం 32 జీబీ ఉండడం మంచిది. డీడీఆర్4కు చేసిన బోర్డులో డీడీఆర్5 ముక్క కూర్చోదు. మదర్‌బోర్డుకు మాత్రం ఆయుర్దాయం చూడాలి. ఏఎమ్‌డీ సంస్థ 2016లో తెచ్చిన ఏఎమ్4 సాకెట్‌కు, 2022లో ఏఎమ్5 వచ్చిన తరువాత కూడా కొత్త ప్రాసెసర్లు వస్తూనే వచ్చాయి. ఇంటెల్ 2021లో తెచ్చిన ఎల్‌జీఏ 1700, మూడు తరాలకు ఉపయోగపడి 2024లో ఎల్‌జీఏ 1851కు చోటిచ్చింది. నాలుగేళ్ళ తరువాత ప్రాసెసరు మాత్రమే మార్చుకొంటే సరిపోతుందా, బోర్డు కూడా మార్చాలా అన్నది కొన్ననాడే నిర్ణయమైపోతుంది.

ఎస్‌ఎంపీఎస్ దగ్గర నేను నిష్పక్షపాతంగా మాట్లాడలేను. 2009లో నేనొక కంప్యూటరు కూర్పించుకొన్నాను. ఎవరో ఊరూపేరూ లేని ఎస్‌ఎంపీఎస్ పెట్టారు. నేనూ అడగలేదు. ఒక వర్షాకాలపు సాయంత్రం కరెంటు పోయి వచ్చింది. పెట్టెలోనుండి కాలిన వాసన వచ్చింది. మదర్‌బోర్డుతోపాటు హార్డ్‌డిస్కు కూడా పోయింది. ఆరేళ్ళపాటు ప్రబంధాలనుండి ఏరి టైపుచేసుకొన్న పదసూచిక అందులో ఉంది. దాన్ని తిరిగి తయారుచేసే ఓపిక నాకు లేకపోయింది. కాబట్టి చెబుతున్నాను. పేరున్న తయారీదారుది, అయిదేళ్ళకు తక్కువ కాని వారంటీ ఉన్నది తీసుకోండి. దానిమీద ‘80 ప్లస్’ ముద్ర ఉంటే చాలునని కొందరంటారు. 2004లో మొదలైన ఆ ముద్ర, లోపలికి తీసుకొన్న విద్యుత్తులో ఎంత వృథా కాకుండా అందిస్తుందో చెబుతుంది. హెచ్చుతగ్గులనుండి ఎంత కాపాడుతుందో చెప్పదు. దానికి ముందొక యూపీఎస్ కూడా ఉండాలి.

క్యాబినెట్ గురించి మాత్రం మా ఇద్దరికీ వాదం జరిగింది. మన ఓరుగల్లు ఎండల్లో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. బయటి గాలికంటె చల్లగా లోపలి భాగాలను ఏ ఫ్యానూ ఉంచలేదు. వేడి హద్దు మీరితే ప్రాసెసరూ గ్రాఫిక్స్ కార్డూ తమంతట తామే వేగం తగ్గించుకొంటాయి. ముందువైపు అద్దం బిగించిన పెట్టెలో గాలి ఎలా ఆడుతుంది? జాలీ ఉన్నది తీసుకోమన్నాను. ఒప్పుకొన్నాడు. దీపాలు మాత్రం ఉండాలన్నాడు. వాటివల్ల ఒక్క చిత్రమైనా త్వరగా విప్పబడుతుందా అని అడిగాను. “ప్రబంధాల్లో అన్ని వర్ణనలు ఎందుకు సార్?” అన్నాడు. పాఠం విననట్టు కనిపించినవాడు కూడా ఎంతో కొంత విన్నాడని సంతోషించి, దీపాలకు అనుమతించాను.

మానిటర్ దగ్గర వాదమే రాలేదు. స్టూడియోలో ఒకసారి పెళ్ళికూతురి పట్టుచీర ఆల్బమ్‌లో ఒక రంగులో, వీడియోలో మరొక రంగులో వచ్చి, ఆడపెళ్ళివారు డబ్బు ఇవ్వమన్నారట. తెర చూపిన రంగే తప్పయినప్పుడు దిద్దినవాడు ఏం చేయగలడు? వేగం 165 నుండి 100 హెర్ట్జ్‌కు తగ్గినా ఫరవాలేదని, రంగులు నిజంగా చూపే ఐపీఎస్ తెర ఎంచుకొన్నాడు.

ఇన్ని మార్పులకూ సొమ్ము గ్రాఫిక్స్ కార్డులోనుండే వచ్చింది. ఒక మెట్టు కిందికి దిగాడు. ఆ త్యాగం అతనికి కష్టమైంది. ఆటను నేను చిన్నచూపు చూడడంలేదు. పనిచేసి అలసినవాడికి వినోదం కావాలి. కాని పని ఆగితే ఆట ఎవరి సొమ్ముతో ఆడాలి? పైగా గ్రాఫిక్స్ కార్డు తరువాతైనా మార్చుకోవచ్చు. అప్పటికి ధరలు తగ్గుతాయా అంటే హామీ లేదు. 2020 తరువాత కరోనా కాలంలోనూ క్రిప్టో నాణేల వేలంవెర్రిలోనూ ఈ కార్డుల ధరలు ఆకాశాన్ని అంటాయి. 2022 సెప్టెంబరులో ఇథీరియం తన పద్ధతి మార్చుకోగానే, రాత్రింబవళ్ళు అరిగిన పాత కార్డులు బజారులోకి వచ్చి పడ్డాయి. వాటి జోలికి పోవద్దని అతనితో అన్నాను. 2025 చివర కృత్రిమ మేధ కేంద్రాల గిరాకీవల్ల ర్యామ్ ధరలు అలాగే ఎగబాకాయి. నిరుటి ధరల పట్టిక పట్టుకొని ఎవరూ దుకాణానికి వెళ్ళవద్దు.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో నాలుగైదు దుకాణాలు తిరిగి, కొత్త కాగితం ప్రకారం భాగాలన్నీ కొన్నాడు. ఒక్కొక్కదానికి వేరుగా బిల్లు, వారంటీ కార్డు తీసుకొన్నాడు. ఇంటికి తెచ్చి రాత్రంతా కూర్చొని తానే బిగించాడు. ఎడిటింగు చక్కగా సాగిందట. వారం తరువాత ఫోను చేసి, ఆట మాత్రం ఎడ్లబండిలా నడుస్తోందని, గ్రాఫిక్స్ కార్డు తగ్గించడంవల్లనే అలా జరిగిందని నిష్ఠూరమాడాడు. నాకు మనసు చివుక్కుమంది. మా కంప్యూటరు మిత్రుడు ఫోను అందుకొని, మానిటర్ తీగ ఎక్కడ తగిలించావని అడిగాడు. మదర్‌బోర్డుకు తగిలించాడట. ‘ఎఫ్’ లేని ప్రాసెసరు కొన్నందున దానిలోని చిన్న గ్రాఫిక్స్ భాగంతో తెర వెలిగింది. కొత్త కార్డు వారం రోజులుగా పెట్టెలో ఊరికే కూర్చుంది. తీగను అక్కడనుండి తీసి, కింద ఉన్న కార్డుకు తగిలించమన్నాడు.