దిగే గడియ ముందు రాసుకోండి

వానలు వెనకపట్టి, వరికోతలు మొదలయ్యాయంటే కరీంనగర్, పెద్దపల్లి పిల్లల చూపు గుట్టల మీదికి మళ్లుతుంది. నాలుగు బండ్లు వేసుకుని ఆదివారం పొద్దున్నే బయలుదేరతారు. మంచి అలవాటే. అయితే ఎన్నింటికి బయలుదేరాలో రాత్రంతా మాట్లాడుకునే వీళ్లు, ఎన్నింటికి వెనక్కి మళ్లాలో ఒక్క మాటా అనుకోరు. గుట్ట ప్రయాణంలో ముందుగా ఖాయం కావాల్సింది ఆ గడియే.

రామగిరి ఖిల్లానే చూడండి. పెద్దపల్లి నుంచి మంథని పోయే దారిలో, బేగంపేట పక్కన ఉన్న గుట్ట ఇది. ఉదయం ఎక్కి సాయంత్రానికి ఇంటికి చేరుకోవచ్చు. పక్కనున్న మంథనినే శాసనాలు మంత్రకూటం అన్నాయి. అక్కడి గుండరాజును కాకతీయ రెండో ప్రోలుడు ఓడించిన సంగతి హనుమకొండ వేయిస్తంభాల గుడి శాసనంలో, 1163లోనే చెక్కి ఉంది. అంతటి చరిత్ర ఉన్న నేల మీది కోటకు శ్రావణమాసంలో జనం విరగబడి వస్తారు. సీతారాములు వనవాసంలో ఇక్కడ ఉన్నారన్న నమ్మకం ఒకటి, మూలికల పేరు ఇంకొకటి. నాటువైద్యులు, ఫార్మసీ విద్యార్థులు సంచులతో వస్తారు. ఆ సందడి కావాల్సినవాళ్లు శ్రావణంలోనే వెళ్లాలి. గాలి చప్పుడు వినాలనుకునేవాళ్లు మాత్రం కార్తీకం దాటనిచ్చి, మార్గశిరంలో, వారం మధ్య రోజొకటి చూసుకోవాలి. అప్పటికి బండల మీద పాచి ఎండుతుంది, గడ్డి వంగి బాట తేలుతుంది.

ఇక లెక్క. 1892లో విలియం నైస్మిత్ అనే స్కాట్లాండ్ కొండల మనిషి ఒక సూత్రం చెప్పాడు. ఇప్పటి కొలతల్లో చెప్పాలంటే నడకకు గంటకు 5 కిలోమీటర్లు, ఆపైన ఎక్కే ప్రతి 600 మీటర్ల ఎత్తుకు ఇంకో గంట. ప్రపంచమంతా నేటికీ దాన్నే వాడుతోంది. కానీ అది చల్లటి దేశంలో, అలవాటున్న కాళ్లకు కట్టిన లెక్క. మన ఎండలో, కదిలే రాళ్ల మీద, వెంట పిల్లలూ పెద్దలూ ఉన్నప్పుడు వచ్చిన సమయాన్ని రెట్టింపు చేసుకోవాలని నేనంటాను. డిసెంబరు మొదట్లో మన దగ్గర పొద్దు 5:40 ప్రాంతంలో గూకుతుంది. అక్కడి నుంచి వెనక్కి లెక్కపెట్టండి. ఐదింటికల్లా కింద ఉండాలి. దిగడానికి రెండు గంటలు. మోకాలు పట్టేసినా, బాట తప్పినా చేతిలో ఉండడానికి ఇంకో అరగంట. అంటే మధ్యాహ్నం రెండున్నరకు, పైదాకా చేరినా చేరకపోయినా, వెనక్కి తిరగాలి. ‘ఇంకొంచెమే కదా’ అనే మాటకు అక్కడ చోటు లేదు. ఆ గడియను ఒక కాగితం మీద రాసి ఇంట్లో ఇచ్చి వెళ్లాలి.

ఈ మాట నాకు పుస్తకాల కన్నా గట్టిగా చెప్పింది గుట్ట కింద మేకలు కాసే ఒక పెద్దాయన. నన్ను ఒక సీతాఫలం చెట్టు కిందికి తీసుకుపోయి కర్రతో నేల చూపించాడు. నల్లటి పెంట, దాని నిండా మెరుస్తున్న సీతాఫలం గింజలు. ‘గుడ్డెలుగుది సారూ. పొద్దు ఒరిగినంక ఈడ తిరుగొద్దు. అది మనల్ని పట్టుకుంటందుకు రాదు, ఎదురుపడితే బెదిరి మీద పడ్తది’ అన్నాడు. ఎలుగుబంటి దాడులకు అసలు కారణం ఆయన మాటలోనే ఉంది. పొద్దుగూకే వేళ, తెల్లవారుజామున అది మేతకు తిరుగుతుంది. దట్టమైన పొదల్లో మౌనంగా నడిచే మనిషి దానికి హఠాత్తుగా ఎదురవుతాడు. అందుకే అలాంటి చోట నలుగురూ గట్టిగా మాట్లాడుకుంటూ నడవాలి. బండ కింద తేనెపట్టు కనబడితే మాత్రం మాట తగ్గించి, బీడీ సిగరెట్ల జోలికి పోకుండా దూరం జరగాలి.

‘ఆదిలాబాద్ అడవుల్లో ఇంకా మంచి గుట్టలున్నాయి కదా’ అని అడిగేవాళ్లుంటారు. ఉన్నాయి. కానీ కవ్వాల్ 2012 నుంచి పులుల అభయారణ్యం. అటవీశాఖ అనుమతి లేకుండా ఆ అడవిలోకి పోవద్దు. 2020 నవంబరులో ఆసిఫాబాద్ జిల్లాలో పులి ఇద్దరి ప్రాణాలు తీసింది. పత్తి ఏరే కూలీలే భయంతో గుంపులుగా చేలకు పోయే రోజుల్లో సరదాకు ఆ అడవి తొక్కడం నాకు తప్పుగానే తోస్తుంది.

సద్ది గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. సర్వపిండి సాయంత్రం దాకా పాడవదు. నీళ్లు మాత్రం మనిషికి మూడు లీటర్లు మోసుకుపోవాల్సిందే. పైన కొలనులో నీళ్లుంటాయి కదా అన్న భరోసా వద్దు.

పైకి చేరాక ఒక పూట కూర్చోదగ్గ దృశ్యం ఉంది. ఒకపక్క పచ్చని పొలాలు, చెరువులు. ఇంకోపక్క సింగరేణి ఓపెన్‌కాస్టు గనుల మట్టిగుట్టలు, బూడిదరంగులో మెట్లుమెట్లుగా. ఈ జిల్లా బతుకంతా ఆ రెండింటి మధ్యే నడుస్తోంది. పిల్లలకు పాఠంలో చెప్పలేనిది ఆ బండ మీద నిలబెట్టి చూపించవచ్చు. తిప్పతీగ, పొడపత్రి, నేలవేము కూడా అక్కడే చూపించండి, ఆకు వాసన చూడనివ్వండి. వేళ్లతో పీకి సంచిలో వేసుకోవద్దు. ఏటా శ్రావణంలో పీకింది మళ్లీ మొలవాలి కదా.

ఈ గుట్టకు రోప్‌వే తెస్తామన్న మాట వార్తల్లో వినబడుతోంది. నడవలేని పెద్దలకు అది మేలే, కాదనను. కానీ నడిచి ఎక్కేవాళ్ల సంగతి అంతకన్నా ముందు చూడాలి. వాళ్ల అవసరాలకు పెద్ద ఖర్చూ లేదు. బాట చీలిన ప్రతిచోటా బండ మీద ఒక బాణం గుర్తు, కింద మంచినీళ్ల నల్లా, ఆ రోజు పొద్దు ఎన్నింటికి గూకుతుందో సుద్దతో రాసే ఒక బోర్డు. దాంతోపాటు ఒక రిజిస్టరు. ఎక్కేటప్పుడు పేరు, ఫోన్ నంబరు, దిగే గడియ రాయాలి, దిగాక సంతకం పెట్టాలి. గ్రామ పంచాయతీ ఊళ్లోని ఇద్దరు యువకులకు జీతమిచ్చి కూర్చోబెడితే చాలు. పొద్దుగూకే వేళకు సంతకం లేని పేరు ఏదైనా ఉంటే, వెతకడానికి ఎవరు పోవాలో, ఏ బాటన పోవాలో వాళ్లకు తెలుసు.